ఒకే నెలలో రెండు కృత్తికలు

తిరుత్తణి వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా చీరాలలో ప్రతివాడూ "దర్శనం బాగా అయిందా?" అని అడుగుతున్నాడు. అయింది. ఒకటికి రెండుసార్లు అయింది. మొదటిసారి లెక్క తప్పినందుకు, రెండోసారి లెక్క కుదిరినందుకు.

లెక్కల మాట వచ్చింది గనక నా చదువు సంగతి ముందే చెప్పేస్తాను. అది భాగహారం దాకా సాగింది. ఇరవై మామిడిపళ్ళు ముగ్గురికి సమానంగా పంచమన్నారు మాస్టారు. పంచాను. మిగిలిన రెండు పళ్ళూ ఎవరు తినాలని అడిగాను. ఆయన బెత్తం అందుకున్నారు, నేను వీధి తలుపు అందుకున్నాను. తర్వాత పెళ్ళిళ్ళకు పందిళ్ళు వెయ్యడం, షామియానాలూ కుర్చీలూ అద్దెకివ్వడం నేర్చుకున్నాను. ఆ మిగిలిన పళ్ళ సంగతి ఇన్నేళ్ళకు ఇరవై ఏడు నక్షత్రాల దగ్గర తేలింది.

ఈ ప్రయాణం నా కోసమే, కాని నేను తలపెట్టింది కాదు. పోయినేడు వైశాఖంలో ఒక పెళ్ళిపందిట్లో గుంజ మీద నుంచి పడి, నడుము విరిగి, చాలా రోజులు ఆసుపత్రి మంచం పట్టాను. మళ్ళీ లేచి నడుస్తానో లేదో డాక్టరు కూడా గట్టిగా చెప్పలేదు. అప్పుడు మా మంగత్త మొక్కుకుంది. ఈవిడ మా నాన్నకు స్వయానా చెల్లెలు, నాకు పిల్లనిచ్చిన అత్త. అందుచేత నన్ను తిట్టడానికి రెండు హక్కులున్నాయి, రెండూ వాడుతుంది. ఆసుపత్రిలో పక్క మంచం వాళ్ళు చెప్పారట, తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామికి అరవవాళ్ళ ఆడి నెలలో వచ్చే ఆడికృత్తిక పండగ నాడు పూలకావడి మోస్తే ఎంతటి మొక్కయినా తీరుతుందని. "వీడు లేచి నడిస్తే ఆ రోజు కావడి మోస్తాను, వీడు నా పక్కన నడిచి కొండెక్కుతాడు. అప్పటిదాకా కాఫీ ముట్టను" అని ఒట్టు పెట్టుకుంది.

అన్నం మానేస్తానని మొక్కినా ఇంత కంగారు పడేవాళ్ళం కాదు. కాఫీ చుక్క గొంతులో పడకపోతే కోడిని కూడా కూయనివ్వని మనిషి ఆవిడ. నేను లేచి నడిచాను. ఆమె మటుకు ఏడాది పైగా కాఫీ లేకుండా ఉంది. ఆ ఏడాది మా ఇంట్లో జరిగింది ఇక్కడ రాయను, అందరూ బతికే ఉన్నారు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, నాకు పని ఉండదు. ఆడి అంటే మన ఆషాఢమేగదా అని, ఈ మాత్రానికి పంతులు గారెందుకని, నేనే పంచాంగం తిప్పి ఆషాఢంలో కృత్తికా నక్షత్రం ఏ రోజో చూశాను. ఒకే ఒక్క రోజు కనిపించింది. బయల్దేరాం.

కావడికి టికెట్టు లేదు

చీరాల మేదరి చేత కావడి కట్టించి, రెండు చివర్లా నెమలి పింఛాలు పెట్టించింది మంగత్త. పూలు అక్కడే కొంటామని బోసి కావడితోనే రైలెక్కాం. గుమ్మిడిపూండి దగ్గర డ్యూటీ దిగిన ఫ్యాక్టరీ మనుషులు పెట్టెలోకి తోసుకొచ్చారు. కునుకు తీస్తున్న ఒకాయన ముక్కులోకి నెమలి ఈక దూరింది. ఆయన తుమ్మిన తుమ్ముకు పై బల్ల మీది వాడు లేచి కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. కళ్ళు తెరిచి కావడిని చూసి, చేతులు జోడించి "మురుగా" అన్నాడు. మా ఊళ్ళో అయితే ముందు తిట్టి, ఆ తర్వాత దణ్ణం పెట్టేవాళ్ళం.

తిరువళ్ళూరు: పడక అడిగిన దేవుడు

ముందు తిరువళ్ళూరులో దిగాం. అక్కడ వీరరాఘవస్వామి పడుకుని ఉంటాడు. కథ సరదాగా ఉంటుంది. ఒక ఋషి పాపం ఏడాదిపాటు ఉపవాసం ఉండి, ఇంత పిండి వండుకుని తినబోతుంటే ఒక ముసలి బ్రాహ్మడు వచ్చి ఆకలన్నాడు. ఋషి తన వాటా కూడా పెట్టేశాడు. తిన్నాక ఆ ముసలాయన, "నడుం వాల్చాలి, చోటెక్కడ?" అన్నాడట. ఋషి తన గుడిసె చూపించాడు. పడుకున్నవాడు పడుకున్నట్టే దేవుడై అక్కడే ఉండిపోయాడు. మా బంధువుల్లో ఇలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు గాని, ఎవరూ దేవుళ్ళు కాలేదు.

అక్కడి కోనేట్లో బెల్లం వేస్తారు. బెల్లం కరిగినట్టు ఒంటి జబ్బులు కరగాలని. అత్త నా నడుము పేరు చెప్పి ఒక అచ్చు వేసింది. గట్టున ఉన్న అయ్యవారు సంకల్పం చెప్పడం మొదలుపెట్టాడు. సంకల్పం మన ఊళ్ళోనూ రోజూ వినేదే, కాని నేనెప్పుడూ చెవి పెట్టలేదు. బ్రహ్మదేవుడి వయసులో సగం గడిచిందని ఎత్తుకుంటాడు. కల్పం, మన్వంతరం, యుగం, అందులో పాదం, సంవత్సరం, నెల, పక్షం, తిథి, నక్షత్రం అంటూ దిగి దిగి చివరికి మా మంగత్త పేరు దగ్గర ఆగాడు. కోట్ల ఏళ్ళ ఉత్తరానికి ఇంటి నంబరు రాసినట్టుంది. అంత పెద్ద కాలంలో ఈవిడ తప్పిపోకుండా దేవుడికి అందాలి గదా మరి.

చిక్కల్లా నెల దగ్గర వచ్చింది. అయ్యవారు "కటక మాసే" అన్నాడు. మంగత్త చప్పున ఆపింది.

"ఆషాఢం అనండయ్యా. నెల తప్పు చెబితే మొక్కు ఇంకెవరికో పోతుంది."

"ఆషాఢం మీ ఊర్లో అమ్మా. మాకు సూర్యుడు కటకంలో, అదే మీ కర్కాటకంలో ఉండాడు. ఇది ఆడి."

"మీకూ మాకూ సూర్యుడు వేరా?"

ఆయన నవ్వేసి, ఆవిడ తృప్తి కోసం రెండు నెలల పేర్లూ కలిపి చదివేశాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆ నవ్వు ఖరీదు మర్నాడు తెలిసింది.

కాఫీ కొట్టు మునిరత్నం

గుడి వీధిలో నడుస్తుంటే మంగత్త ఠక్కున ఆగి కొంగుతో ముక్కు మూసుకుంది. ఎదురుగా కాఫీపొడి కొట్టు. అప్పుడే వేయించిన గింజలు మరలో పడుతున్నాయి. ఆ వాసనకు వీధిలో వెళ్ళే ఆవు కూడా తల తిప్పుతోంది.

"సాంబడూ, నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోరా. కాళ్ళు కదలడం లేదు."

నేను పడీపడీ నవ్వుతుంటే కొట్లోంచి ఒకాయన తొంగి చూశాడు. "తెలుగోళ్ళా? యాడ నుంచి వస్తా ఉండారు? రాండన్నా, లోపలికి రాండి. కూసోండమ్మా."

ఆయన పేరు మునిరత్నం. తాతల కాలంనుంచి అక్కడే వ్యాపారం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. బోర్డు అరవంలోనే ఉంది. "తెలుగు మాట్లాడేది వచ్చును, సదివేది రాదన్నా. మా నాయనతో పోయింది" అన్నాడు. భార్య రాజమ్మ అప్పటికే రెండు గిన్నె గ్లాసుల్లో కాఫీ తెచ్చేసింది. నేను తాగాను. ఏం చెప్పమంటారు! చీరాల హోటల్లో ముప్పావలా పెట్టి తాగేది కాఫీ కాదు, కాఫీ చావు కబురు. అత్త తన గ్లాసును చేత్తో దూరం జరిపి, మొక్కు సంగతి చెప్పింది.

"రేపు కృత్తికకు కొండెక్కి దిగి, ఇక్కడికే వచ్చి తాగుతానమ్మా. దాచి ఉంచు."

"ఓ, రేపు కిరుత్తిగ గదా! పోయిరాండి" అన్నాడు మునిరత్నం. అక్కడివాళ్ళు నెలనెలా కృత్తికకు కొండకు వెళుతూనే ఉంటారు. మేమూ అలాగే అనుకున్నాడాయన. ఏ కృత్తిక అని ఆయన అడగలేదు, ఈ కృత్తికేనా అని మేమూ అడగలేదు. ఆ పూట వాళ్ళింట్లోనే పడుకోమన్నారు. నా తలకు సరిగ్గా పైన అరవ క్యాలెండరు వేలాడుతోంది. అందులో అంతా రాసే ఉందట. నాకు అందులో అంకెలు తప్ప ఏమీ తెలియవు.

తిరుత్తణి: కొండ మీద వెలితి

ఏడాదికెన్ని రోజులో కొండకన్ని మెట్లంటారు. లీపు సంవత్సరం వస్తే మిగిలిన రోజు ఎక్కడ పెడతారని ఒకాయన్ని అడిగాను. "దాన్ని నీలాంటోళ్ళు నెత్తిన మోసుకోని పోవాల" అన్నాడు. సరిజోడు దొరికాడు.

పండగ రోజు గదా, ఇసకేస్తే రాలనంత జనం ఉంటారనుకుని అత్తను భుజం పట్టి నడిపిస్తున్నాను. జనం ఉన్నారు గాని ఇసకేస్తే రాలేటట్టే ఉన్నారు. కావళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి. నాకు అనుమానం వచ్చింది, అత్తకు రాలేదు. మెట్ల మొదట్లో పూలమ్మే ఆవిడ దగ్గర కూర్చుని కావడి చుట్టూ పూలు కట్టమంది. ఆ పూలావిడ కన్నియమ్మ, దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే తెలుగువాళ్ళ ఇల్లాలు. కడుతూ కడుతూ అడిగింది.

"ఏమక్కా, పెద్ద కిరుత్తిగకి రాకుండా ఇప్పుడే వచ్చేసినారే?"

"ఇది చిన్నదా?" అంది అత్త.

"ఈ తూరి ఆడిలో రెండు కిరుత్తిగలు పడినాయి గదక్కా. రెండోదే పండగ. ఆడి నెల ఆఖరి దినం. ఆ దినం చూడాల, ఈడ కాలు పెట్టేదానికి సోటుండదు."

మంగత్త అందిస్తున్న దారం కింద పెట్టింది. నా వైపు తిరిగింది. ఆ చూపు చూశాక, గుంజ మీద నుంచి పడ్డమే నయమనిపించింది.

"పంచాంగం చూశానన్నావు?"

"చూశానత్తా. ఆషాఢంలో ఒకటే ఉంది."

"ఒకటే ఉంటే రెండోది ఎవడు తెచ్చాడ్రా, నీ షామియానా కొట్లోంచి అద్దెకు తెచ్చారా?"

అటుగా కొండెక్కుతున్న గుడి గురుక్కళ్ళు, అంటే అర్చకుడు, మంచివాడు. సంగతి విని, "ఇది కూడా ఆడే, ఇది కూడా కృత్తికే. ఇంత దూరం వచ్చినావు, ఈ దినమే కట్టమ్మా. స్వామి తప్పు పట్టడు" అన్నాడు. నేను లోలోపల మొక్కుకున్నాను, ఒప్పుకో తల్లీ అని.

అత్త కావడిని ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత కట్టిన పూలు విప్పి కన్నియమ్మ బుట్టలో వేసేసింది.

"స్వామి తప్పు పట్టడని నాకూ తెలుసు. కాని నేను మొక్కింది పండగ నాటికి. ఇప్పుడు ఇదే పండగని సరిపెట్టుకుంటే అది స్వామి కోసం కాదురా, కాఫీ కోసం. నా నాలుక ఎంత దొంగదో నాకు తెలీదూ?"

వట్టి చేతులతో కొండెక్కి దర్శనం చేసుకుని, బోసి కావడి భుజాన వేసుకుని దిగాం. దిగేటప్పుడు ఎన్ని మెట్లున్నాయో నేను అడగలేదు.

ఆకాశంలో రైలుదారి

తిరిగి తిరువళ్ళూరు. రాజమ్మ కాఫీ పట్టుకుని ఎదురొచ్చింది. మా మొహాలు చూసి లోపలికి తీసుకెళ్ళిపోయింది. మునిరత్నం నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, మీరు పెద్ద కిరుత్తిగకని సెప్పి ఉంటే నేనే ఆపి ఉందునే!"

"ఒక నెలలో రెండెట్లా వస్తాయండీ? నాకిప్పుడు అర్థం కావాలి" అన్నాను. అర్థం కాకపోతే అత్త నన్ను ఇంటికి రానివ్వదు.

ఆయన తిరువళ్ళూరు మనిషి, ఆయన లెక్క రైలు లెక్క. "చూడన్నా. ఆకాశంలో గుండ్రంగా ఒక రైలుదారి ఉండాది. దానికి ఇరవై ఏడు స్టేషన్లు. అశ్విని, భరణి, కిరుత్తిగ, ఇట్ల. చంద్రుడు మన ఎలక్ట్రిక్ రైలు. దినానికొక స్టేషను. సూర్యుడు గూడ్సు బండి. ఒక్కొక్క స్టేషన్లో పదమూడు పద్నాలుగు దినాలు పడి ఉంటాడు."

"మా వాడు పనికి బయల్దేరినట్టు" అంది అత్త.

"ఆ గూడ్సు బండి కటకం దాటేదానికి పట్టే కాలమే ఆడి. ముప్ఫై ఒక్క దినాలు. ఎలక్ట్రిక్ రైలు ఇరవై ఏడు దినాలకే సుట్టు తిరిగి వచ్చేస్తాది. నెల మొదట్లోనే కిరుత్తిగ దాటి ఉంటే, నెల ముగిసేలోపల మళ్ళా కిరుత్తిగకి వచ్చి నిలబడతాది. మిగిలిన నాలుగు దినాల్లో వచ్చేదే ఈ రెండోది."

"మరి మా ఆషాఢం?"

"మీరు సూర్యుణ్ణి ఒకణ్ణే సూడరు గదా. ఎలక్ట్రిక్ రైలు గూడ్సు బండిని దాటిన దినం అమావాస్య. ఆ తరవాత మీకు కొత్త నెల. మీ పన్నెండు నెలలు కలిపినా సూర్యుడి సంవత్సరానికి పదకొండు దినాలు తక్కువే. దాన్ని సరిసేసేదానికే కొన్నేండ్లకొకతూరి అధికమాసం పెడతారు. ఆడి, ఆషాఢం అన్నదమ్ముల బిడ్డల మాదిరన్నా. ముఖం ఒకటే, పుట్టిన దినం వేరే."

అప్పుడు వెలిగింది. ఆ మిగిలిన మామిడిపళ్ళు! ఆకాశంలో ఏదీ సమానంగా తెగదు. ఎక్కడో కొంచెం మిగులుతుంది. మనవాళ్ళు ఆ మిగులును దాచి దాచి ఒక నెల చేశారు, వీళ్ళు అందులో వచ్చిన కృత్తికను పండగ చేశారు. పారెయ్యడం మాత్రం ఎవరూ చెయ్యలేదు. మా మాస్టారు ఈ మాట చెప్పి ఉంటే నేను బడి మానేవాణ్ణి కాదు. బెత్తంతో చెప్పినా వినేవాణ్ణి.

"రెండిట్లో రెండోదే ఎందుకు పండగ?" అని అత్త అడిగింది.

"పెద్దోళ్ళు అట్ల పెట్టినారమ్మా. నాకు తోచింది సెప్తాను. మొదటిది తొందర పడేవాడికి. రెండోది కాచుకోనుండేవాడికి."

అత్త తల ఊపి, రాజమ్మ వైపు తిరిగింది. "అమ్మాయ్, ఆ పండగ దాకా నేను చీరాల పోయి రాలేను, ఈ మోకాళ్ళు ఒప్పవు. ఎక్కడ పడుకోమంటావ్?"

వీరరాఘవస్వామి కథ గుర్తొచ్చి నేను కంగారు పడ్డాను గాని, రాజమ్మ నవ్వి మూల గది చూపించింది. "ఈడే ఉండు అత్తా. నాకూ మాట్లాడేదానికి పేచ్చు తోడు."

"పిచ్చి అత్తా, ఇది కాఫీ కొట్టు! ఇక్కడుండి ఎట్లా తట్టుకుంటావ్?" అన్నాను.

"నా సంగతి సరే. నువ్వు వస్తావా? లేచి నడిచినవాడు పక్కన లేకపోతే నేనేం మొక్కు తీర్చినట్టురా?"

అదీ అసలు ముడి. ఆ రోజుకు మన శ్రావణం వచ్చేస్తుంది, పెళ్ళిళ్ళు ముంచుకొస్తాయి. ఎవరి పందిరి వదిలి రాను? ఈ మాటే అంటే మునిరత్నం అందుకున్నాడు. "అన్నా, మీ శ్రావణానికి ఆ పేరు ఎట్ల వచ్చింది? పున్నమి నాడు చంద్రుడు శ్రవణం స్టేషన్లో ఉంటాడని. ఆడనుంచి ఏలు పెట్టి ఎంచు."

నేను వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టాను. శ్రవణం పున్నమి. ధనిష్ఠ పాడ్యమి. శతభిషం విదియ. పూర్వాభాద్ర తదియ, ఉత్తరాభాద్ర చవితి, రేవతి పంచమి. అశ్విని షష్ఠి, భరణి సప్తమి. కృత్తిక...

"అష్టమి!" అని అరిచాను. మరలో గింజలు వేస్తున్న మనిషి ఉలిక్కిపడ్డాడు. "అత్తా, బహుళాష్టమి! అష్టమి నాడు ఏ తెలుగువాడూ పెళ్ళి చెయ్యడు, ఏ పందిరీ లేవదు! వస్తున్నాను!"

"ఈసారి పంతులు గారికి చూపించి రా" అంది మంగత్త.

అష్టమి నాడు

పంతులు గారికి చూపించే వెళ్ళాను. ఈసారి కొండ కొండలా లేదు, పసుపు బట్టల కుప్పలా ఉంది. "అరోహరా" అని ఒకరు అంటే వెయ్యిమంది అందుకుంటున్నారు.

మంగత్త కొంచెం చిక్కింది. మునిరత్నం చెవిలో చెప్పాడు. "అమ్మ ఒక్క చుక్క తాగలేదన్నా. వాసన సూసే, ఇది మాడింది, దీంట్లో చికోరీ ఎక్కువ అని సెప్పేస్తాది. మా బేరం బాగుపడింది."

కావడి ఇన్నాళ్ళూ గింజల బస్తాల మీదే ఉండి కమ్మగా వాసన పట్టింది. కన్నియమ్మ పూలు కడుతూ, "ఏమక్కా, మీ సామికి కాఫీ కావడా?" అంది. కావడి భుజానికెత్తుకుని అత్త నడిచింది. మెట్టు మెట్టుకూ ఆయాసపడింది, ఎక్కడా దించలేదు. నేను పక్కన నడిచాను. జోకులేమీ తోచలేదు. రెండుసార్లు తిరిగి నా నడక చూసింది, మూడోసారి చూడలేదు.

దిగాక కొండ కింద రాజమ్మ ఫ్లాస్కు తెరిచింది. గ్లాసు నిండా పొగలు. మంగత్త రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక గుక్క తాగింది. నేనూ, మునిరత్నం, రాజమ్మా, కన్నియమ్మా నలుగురం ఆవిడ మొహమే చూస్తున్నాం. ఇంకో గుక్క తాగింది. కళ్ళు తెరిచి, సగం కాఫీ గ్లాసు కింది గిన్నెలో వంచి నా ముందుకు తోసింది.

"తాగు. నువ్వు మంచం పట్టినప్పటి మొక్కు తీరగా మిగిలింది ఇది. ఇకనుంచి గుంజ ఎక్కడానికి మనిషిని పెట్టుకో. ఇంకోసారి పడ్డావంటే, ఈసారి కాఫీ మానేది నువ్వే."

మనిషిని పెట్టుకున్నాను. పొడుగ్గా, కోతిలా ఎక్కుతాడు. కూలి దండగంటుంది మా ఆవిడ. నేను కింద నిలబడి, వాడు గుంజ చివరికి చేరేదాకా పైకి చూస్తుంటాను. వీధి అరుగు మీద మంగత్త కాఫీ గ్లాసు పట్టుకుని నన్ను చూస్తుంటుంది.